చలికాలంలో ఇల్లు వెచ్చగా, సందడిగా ఉండాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
చలి మొదలైందంటే చాలు, మా ఇల్లు మూగబోతుంది. చీకటి పడగానే అత్తయ్యగారు ఒక గదిలో, పిల్లలు ఇంకో గదిలో, మేమిద్దరం మరో గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చుంటాం. ఉన్నది ఒక్కటే హీటర్, దాన్ని గదుల మధ్య తిప్పడమే సరిపోతోంది. అందరికీ వెచ్చగా ఉండాలి, ఇంట్లో కాస్త కళ కూడా ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
హీటర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు చలిగాలి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి. కిటికీ ఫ్రేముల చుట్టూ, తలుపు కింద తడిచెయ్యి పెట్టి చూస్తే సందు ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. తలుపు కింద పాత తువ్వాలు చుట్టి పెట్టినా చాలు, కిటికీలకి ఫోమ్ టేపు అంటించండి. పగలు ఎండపడే వైపు కర్టెన్లు బార్లా తెరిచి, పొద్దు వాలగానే మూసేయండి.

జవాబు 2:
నేనైతే మూడు గదులూ వేడి చేసే ఆలోచనే మానేయమంటానండీ. సాయంత్రం నుంచి పడుకునేదాకా అందరూ ఒకే గదిలో ఉండండి. కదలకుండా కూర్చున్నా ఒక్కో మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికొస్తుంది, అంటే మీరంతా ఒకచోట చేరితే ఆ మేరకు గదికి వేడి అందినట్టే, 1500 వాట్ల హీటరైతే గంటకి యూనిట్‌న్నర కాలుస్తుంది మరి. తెల్లటి ట్యూబ్‌లైటు ఆపేసి 2700 కెల్విన్ పసుపు బల్బు పెట్టండి, గది వాతావరణమే మారిపోతుంది. పాత ఫోటోల ఆల్బమ్ తీసి పిల్లల్ని అత్తయ్యగారి పక్కన కూర్చోబెట్టండి, మాటలు వాటంతట అవే వస్తాయి. నాకు చలికాలంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

జవాబు 3:
అన్నీ బాగున్నాయి కానీ ఎంత చలేసినా మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హీటర్‌ని కర్టెన్లకీ దుప్పట్లకీ కనీసం మీటరు దూరంలో పెట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. ఇంట్లో 18 డిగ్రీలకి తగ్గకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది, పెద్దవాళ్లకి ఇంకాస్త వెచ్చగా ఉంటేనే మంచిది, కాబట్టి అత్తయ్యగారి గదిలో చిన్న థర్మామీటర్ పెట్టండి. రోజూ కాసేపు కిటికీలు తెరవండి, లేకపోతే తేమ చేరి గోడలకి బూజు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. తలుపు కింద తువ్వాలు ఇప్పుడే పెట్టాను. మా హాలు పెద్దది, పైకప్పు కూడా బాగా ఎత్తు. చిన్న గదిలో కూర్చుంటే నయమా?

జవాబు 2:
చిన్న గదే నయమండీ. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి ఎత్తు పైకప్పు ఉన్నచోట కింద కూర్చున్నవాళ్లకి త్వరగా వెచ్చబడదు. బయటి గోడలు తక్కువున్న గది చూసుకుని, కింద మందపాటి తివాచీ పరచండి.