కొత్త బిల్డింగులో వికలాంగ ఉద్యోగులకు గ్రౌండ్ ఫ్లోరు చాలదా?

కరణంగారి_మనవడు:
మా ఆఫీసుకు మూడంతస్తుల సొంత బిల్డింగు కడుతున్నారు. ప్లాను చూసే కమిటీలో నన్నూ వేశారు. స్టాఫులో చక్రాల కుర్చీ వాడేవాళ్లు ఇద్దరు, చూపు లేనాయన ఒకరు. ముగ్గురికీ కిందే సీట్లిచ్చి ముందర ర్యాంపు వేసేద్దాం, లిఫ్టు సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు మా పెద్దలు. మీరేమంటారు?

సైటు_మేస్త్రి:
ముందు ర్యాంపు తేల్చుకోండి. వాలు 1:12 దాటకూడదు, అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. బేస్‌మెంటు మూడడుగులు లేపితే 36 అడుగులు కావాలి, మధ్యలో ల్యాండింగు వేరే. అంత జాగా ఉందా? చాలాచోట్ల బైకులెక్కించే వాలు పోసేసి దాన్నే ర్యాంపంటున్నారు.

చక్రాల_రాణి:
మా ఆఫీసులో ర్యాంపుంది. బోర్డు పెట్టిన బాత్రూమూ ఉంది. దాన్నిండా చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, ఒక విరిగిన కుర్చీ. తాళంచెవి అటెండరు జేబులో ఉంటుంది. తలుపేమో లోపలికి తెరుచుకుంటుంది, నా కుర్చీ లోపలికెళ్తే ఇక మూతపడదు. పదింటి నుంచి ఐదింటి దాకా నీళ్లు తాగడం మానేసి ఆరేళ్లయింది.

సైటు_మేస్త్రి:
తలుపు బయటికే తెరుచుకోవాలి, ఓపెనింగు మూడడుగులుండాలి. అది సరేనమ్మా, మీ ర్యాంపు వాలెంత?

చక్రాల_రాణి:
కొలవలేదండీ. గ్రానైటు వేశారు, వానొస్తే జారుతుంది.

పాతకాపు:
ముగ్గురి కోసం లిఫ్టా? పైగా మంటలంటుకుంటే లిఫ్టు ఎక్కకూడదు. అప్పుడు వాళ్లని ఎవరు మోస్తారు? కిందే ఉంటే వాళ్లకే క్షేమం.

చట్టం_పాయింటు:
మెట్ల పక్కన పొగ రాని చోటు వదిలి, దించే బాధ్యత ఫలానా వాళ్లదని ముందే చెప్పి పెట్టాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 44 ప్రకారం నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతే ఇవ్వకూడదు. మార్గదర్శకాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు పెట్టమని రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే.

పాతకాపు:
సెక్షన్లు చదవడం తేలిక. బిల్లులు పాస్ చేసేవాడికి తెలుస్తుంది.

నైట్‌డ్యూటీ:
ఆ చూపు లేనాయన్ని ఎవరైనా అడిగారా?

చక్రాల_రాణి:
పాతకాపు గారూ, క్షేమం గురించి నాకూ చెప్పారు. ప్రమోషనొచ్చింది, సూపరింటెండెంటు గది రెండో అంతస్తులో. "పైకెలా వస్తావమ్మా, ఇబ్బంది పడతావు, వద్దని ఒక కాగితం రాసివ్వు" అన్నారు. రాసిచ్చాను. ఇప్పుడా కుర్చీలో నా జూనియర్ ఉన్నాడు.

పాతకాపు:
మీ జూనియర్ గురించి మీరు చెప్పారుగా, నాదీ వినండి. నాకన్నా నాలుగేళ్లు వెనకొచ్చినతను వికలాంగుల కోటాలో నా పైకెళ్లాడు. సెలవు చీటీ పట్టుకుని అతని ముందే నిలబడుతున్నాను. అతను పైకెక్కడానికి లిఫ్టు ఫైలు మీద కూడా నేనే సంతకం పెట్టాలా?

చక్రాల_రాణి:
ఈ మాట మొదటే అనుంటే ఇంతసేపు మంటలూ పొగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

పాతకాపు:
మీకు నవ్వులాటగా ఉంది మేడమ్.

చక్రాల_రాణి:
లేదండీ. మీరు చీటీ పట్టుకుని నిలబడే ఆ గది దాకా నేనసలు రానేలేను.

కరణంగారి_మనవడు:
నైట్‌డ్యూటీ గారూ, అడగలేదు. కమిటీలో ఆ ముగ్గురిలో ఒక్కరూ లేరు. సోమవారం ప్లాను పట్టుకుని వాళ్ల దగ్గరికే వెళ్తాను. ఆయనకైతే చదివి వినిపించాలి.

సైటు_మేస్త్రి:
బేస్‌మెంటు ఎత్తెంతో మీరింకా చెప్పలేదు.