రెండు హోస్టుల ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్: ఒకటి ఆపితే రెండోదాంట్లో వీఎమ్‌లు స్టార్ట్ కావట్లేదు, ర్యామ్ మార్చడం ఎలా?

ఉండి కాలువ:
నమస్కారమండి. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్. రెండు ర్యాక్ సర్వర్లు, రెండింట్లోనూ ప్రాక్స్‌మాక్స్ 8.4 (ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎమ్‌లు, నడిపే సాఫ్ట్‌వేర్), రెండూ కలిపి ఒకే క్లస్టర్. షేర్డ్ స్టోరేజీ లేదు, దేని డిస్కులు దానివే, జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (ఒకే డేటా రెండు డిస్కుల్లో). పాతది హోస్ట్1, 64 జీబీ. కొత్తది హోస్ట్2, 96 జీబీ. అకౌంట్స్ డేటాబేస్, ఫైల్ సర్వర్, కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ లాగర్, హాజరు సాఫ్ట్‌వేర్ వగైరా కలిపి ఏడు వీఎమ్‌లు. హోస్ట్1 వీఎమ్‌లకు 36 జీబీ, హోస్ట్2 వాటికి 40 జీబీ ఇచ్చి ఉంది.

హోస్ట్1లో ఏ3 స్లాట్ ర్యామ్ మీద కరెక్టబుల్ ఈసీసీ ఎర్రర్లు (సర్వర్ తనే సరిదిద్దుకునే మెమరీ తప్పులు) పడుతున్నాయి, మార్చాలి. హోస్ట్1 ఆపి చూస్తే హోస్ట్2లో నడిచేవి నడుస్తూనే ఉన్నాయి గానీ, ఆగి ఉన్న వీఎమ్‌ని స్టార్ట్ చేయబోతే "క్లస్టర్ నాట్ రెడీ, నో కోరమ్" అని వస్తోంది. సెట్టింగ్ మార్చినా సేవ్ అవదు. హోస్ట్1 ఆన్ చేయగానే అంతా మామూలే. ప్లాంట్ పని ఆగకుండా ర్యామ్ మార్చే దారి చెప్పండి. వచ్చే నెల ఇంకో సర్వర్ వస్తుంది, అప్పుడు హోస్ట్1ని పూర్తిగా తీసేయాలి.

గౌతమి ఒడ్డు:
మీ హోస్ట్2లో లోపమేమీ లేదండి. క్లస్టర్‌లో ఒక్కో హోస్టుకి ఒక ఓటు. రెండు ఓట్లలో మెజారిటీ అంటే రెండూ ఉండాలి. ఒకటి ఆగితే, పంచాయతీ మీటింగులో కోరం లేనప్పుడు తీర్మానం చెల్లనట్టే, మిగిలినది కొత్త పని ఏదీ ఒప్పుకోదు. వీఎమ్ సెట్టింగులుండే ఈటీసీ లోపలి పీవీఈ ఫోల్డర్ రీడ్-ఓన్లీ అయిపోతుంది. అందుకే సేవ్ అవలేదు. "పీవీఈసీఎం స్టేటస్" కొట్టి చూడండి, కోరమ్ వరసలో "యాక్టివిటీ బ్లాక్డ్" అని కనబడుతుంది.

అత్యవసరానికి హోస్ట్2లో "పీవీఈసీఎం ఎక్స్‌పెక్టెడ్ 1" కొడితే ఒక్క ఓటుతో నడుస్తుంది. కానీ అవతలి మెషీన్ నిజంగా ఆగిందో లేదో ఐడ్రాక్‌లోనో ఐఎల్‌ఓలోనో (సర్వర్‌ని దూరం నుంచి చూసే ఏర్పాటు) చూశాకే కొట్టాలి. తెగింది నెట్‌వర్క్ కేబుల్ మాత్రమే అయితే రెండు మెషీన్లూ బతికే ఉంటాయి. అప్పుడు అదే వీఎమ్ రెండు చోట్లా లేచి, రెండు డేటాబేసుల్లో వేర్వేరు ఎంట్రీలు పడతాయి. వాటిని మళ్లీ కలపడం ఎవరి తరం కాదు.

శాశ్వతంగా కావాలంటే క్యూడివైస్ పెట్టండి, అంటే ఓటు మాత్రమే వేసే మూడో చిన్న మెషీన్. డెబియన్ వేసిన మినీ పీసీ గానీ రాస్‌బెర్రీ పై గానీ సరిపోతుంది. దానిలో కోరోసింక్-క్యూనెట్‌డీ ప్యాకేజీ, రెండు హోస్టుల్లో కోరోసింక్-క్యూడివైస్ ప్యాకేజీ వేయండి. తర్వాత ఏదో ఒక హోస్టు నుంచి "పీవీఈసీఎం క్యూడివైస్ సెటప్" అని, పక్కన చిన్న మెషీన్ ఐపీ ఇవ్వండి. ఆ కాసేపు దానిలో రూట్ ఎస్ఎస్‌హెచ్ లాగిన్ తెరిచి ఉండాలి, పనయ్యాక మూసేయండి. ఫైర్‌వాల్‌లో టీసీపీ 5403 వదలాలి. స్టేటస్‌లో ఎక్స్‌పెక్టెడ్ ఓట్లు 3 అని వస్తే అయినట్టే.

ఆ చిన్న మెషీన్‌ని ఇదే క్లస్టర్‌లో వీఎమ్‌గా మాత్రం పెట్టకండి. అది ఉన్న హోస్టు పోతే దాని ఓటూ పోతుంది.

వశిష్ఠ రేవు:
ఓటు సంగతి తేలేదాకా ర్యామ్ జోలికి వెళ్లకండి. అది అయ్యాక వీఎమ్‌లు జరపడం.

మొదట హోస్ట్2లో చోటు లెక్క. 36, 40 కలిపి 76 జీబీ. దానికి జెడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్, అంటే ఏఆర్‌సీ, కలుస్తుంది. ఇన్‌స్టలేషన్ 8.1 గానీ ఆ తర్వాతది గానీ అయితే మెమరీలో పది శాతమే, గరిష్ఠం 16 జీబీ. అంతకు ముందు వేసి అప్‌గ్రేడ్ చేస్తూ వచ్చినదైతే సగం మెమరీ దాకా, మీకు 48 జీబీ దాకా పోవచ్చు. అవసరానికి ఏఆర్‌సీ తగ్గుతుంది గానీ అన్నిసార్లూ సమయానికి తగ్గదు. ఆలోపు కెర్నల్ మెమరీ చాలక ఏదో ఒక వీఎమ్‌ని చంపేస్తుంది. మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లోని జెడ్‌ఎఫ్‌ఎస్ కాన్ఫ్ ఫైల్‌లో "జెడ్‌ఎఫ్‌ఎస్_ఏఆర్‌సీ_మ్యాక్స్" విలువ 8589934592 (8 జీబీ) రాసి, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ అయ్యేటప్పుడు చదివే ఫైల్) అప్‌డేట్ చేయండి. 76కి 8 కలిపితే 84, హోస్టుకి 12 మిగులుతుంది. చాలు.

డిస్కులు లోకల్ కాబట్టి ముందే రెప్లికేషన్ పెట్టేయండి. ప్రతి వీఎమ్‌కీ రెప్లికేషన్ ట్యాబ్‌లో జాబ్ ఇస్తే మామూలుగా 15 నిమిషాలకోసారి మారిన భాగం అవతలికి పోతుంది. స్టోరేజీ పేరు రెండు హోస్టుల్లోనూ ఒకటే ఉండాలి, లేకపోతే జాబ్ ఫెయిల్. రెప్లికేషన్ లేకుండా 500 జీబీ డిస్కుని 1 గిగాబిట్ లైన్‌లో జరిపితే సెకనుకి 110 ఎంబీ చొప్పున గంటా పావు పడుతుంది. రెప్లికేషన్ ఉంటే చివరి 15 నిమిషాల మార్పే కదలాలి.

ఆ డేటా కోరోసింక్ (హోస్టులు ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం) లైన్ మీదుగా పోకూడదు. కోరోసింక్‌కి ఆలస్యం 5 మిల్లీసెకన్ల లోపే ఉండాలి. లైన్ నిండిపోతే హోస్టులు ఒకరికొకరు కనబడక ఓట్లు ఊగుతాయి. రెండు సర్వర్ల మధ్య నేరుగా ఒక 10 గిగాబిట్ కేబుల్ వేసి, డేటాసెంటర్ ఆప్షన్లలో మైగ్రేషన్ నెట్‌వర్క్‌గా దాన్ని చూపండి. మధ్యలో స్విచ్ అక్కర్లేదు.

హెచ్ఏ (హోస్టు పోతే వీఎమ్‌ని అవతల దానంతటదే లేపే ఏర్పాటు) పెట్టి ఉంటే "హెచ్ఏ-మేనేజర్ సీఆర్ఎం-కమాండ్ నోడ్-మెయింటెనెన్స్ ఎనేబుల్ హోస్ట్1" కొట్టండి, అదే ఖాళీ చేస్తుంది. లేకపోతే హోస్ట్1 మీద రైట్ క్లిక్, బల్క్ మైగ్రేట్. నా మాట అడిగితే రెండే మెషీన్లు, 15 నిమిషాల రెప్లికేషన్ ఉన్నచోట హెచ్ఏ వద్దండి. హోస్టు పోయినప్పుడు వీఎమ్ దానంతటదే లేస్తుంది గానీ, చివరి కాపీ నుంచి లేస్తుంది. కొట్టిన బిల్లులు కొన్ని మాయమైన సంగతి ఎవరికీ తెలియదు. ఆ నిర్ణయం మనిషి చేతిలో ఉండాలి.

ఉండి కాలువ:
హెచ్ఏ లేదండి. ఒక చిన్న వీఎమ్ జరిపి చూశాను, అవతలికి వెళ్లగానే బిగుసుకుపోయింది. అకౌంట్స్ వీఎమ్ అసలు కదలనంటోంది, దానికి యూఎస్‌బీ లైసెన్సు డాంగిల్ ఉంది. ఇంకోటి, ఏ3లో ర్యామ్ ఇంతకు ముందు కూడా మార్చారట, మళ్లీ అదే స్లాట్.

వశిష్ఠ రేవు:
బిగుసుకున్నది సీపీయూ టైపు వల్ల. ఆ వీఎమ్‌కి "హోస్ట్" అని, అంటే ఆ సర్వర్ ప్రాసెసర్ ఎలా ఉంటే అలాగే, ఇచ్చి ఉండి ఉంటుంది. పాత, కొత్త ప్రాసెసర్లు వేరు తరాలైతే ఆ టైపుతో లైవ్ మైగ్రేషన్ (వీఎమ్ ఆపకుండా జరపడం) కుదరదు. ఎక్స్86-64-వీ2-ఏఈఎస్‌కి మార్చండి. రెండూ హాస్వెల్ లేదా ఆ తర్వాతి ఇంటెల్ అయితే వీ3 కూడా పెట్టొచ్చు. లోపల విండోస్ రీస్టార్ట్ చేస్తే ఈ మార్పు పట్టదు. వీఎమ్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి ప్రాక్స్‌మాక్స్ నుంచి స్టార్ట్ చేయాలి. ఒకటి ఇంటెల్, ఒకటి ఏఎమ్‌డీ అయితే లైవ్ మైగ్రేషన్ మీద ఆశ పెట్టుకోకండి, ఆపి జరపండి.

డాంగిల్ వీఎమ్‌ని ఆపే జరపాలి. సాయంత్రం బిల్లింగ్ అయ్యాక షట్‌డౌన్, ఆఫ్‌లైన్ మైగ్రేట్, డాంగిల్ హోస్ట్2కి పెట్టి స్టార్ట్. రెప్లికేషన్ ఉంటే అయిదు నిమిషాల పని. యూఎస్‌బీని పోర్టు నంబరుతో కాకుండా వెండర్ ఐడీతో ఇచ్చి ఉంటే ఏ పోర్టుకి పెట్టినా పడుతుంది. సీడీ డ్రైవ్‌లో లోకల్ ఐఎస్ఓ ఉన్నా వీఎమ్ కదలదు, తీసేయండి.

వైనతేయ గట్టు:
అదే స్లాట్ మళ్లీ అంటున్నారు కాబట్టి కొత్త ర్యామ్ కొనే ముందు ఒక పరీక్ష చేయండి. ఏ3లోది తీసి అదే రకం ఉన్న ఇంకో స్లాట్‌తో మార్చి, ఐపీఎంఐ ఈవెంట్ లాగ్ (హార్డ్‌వేర్ తప్పులు నమోదయ్యే పట్టీ) చెరిపేసి నడపండి. ఎర్రర్ ర్యామ్ వెంట పోతే ర్యామ్ చెడింది. ఏ3లోనే ఉండిపోతే స్లాట్ గానీ, ప్రాసెసర్ సాకెట్ పిన్ను గానీ. అప్పుడు ఎన్ని ర్యాములు కొన్నా దండగ.

ర్యామ్ తీసే ముందు పవర్ సప్లైలు రెండింటి కేబుళ్లూ పీకాలి. ఒకటే పీకితే బోర్డులో కరెంటు ఉన్నట్టే. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టి, చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకోండి. ఆర్‌డిమ్, యూడిమ్ అని ర్యామ్‌లో రకాలుంటాయి. ఆర్‌డిమ్ ఉన్నచోట ఆర్‌డిమ్మే, యూడిమ్ కలపకూడదు. మూత లోపల బొమ్మలో చూపిన వరసే పాటించాలి. పెట్టాక వీఎమ్‌లు తెచ్చే ముందు మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం) కనీసం ఒక పూర్తి పాస్ నడపండి.

మీది రొయ్యల ప్లాంట్ కాబట్టి ఇంకో అనుమానం. కోల్డ్ స్టోరేజీలో అమోనియా వాడుతుంటే, అది రాగిని తినేస్తుంది. ఈటీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్) ట్యాంకు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండిని నల్లబరుస్తుంది. వీటికి తోడు ఉప్పుగాలి. ర్యామ్ అంచు మీద ఉన్న బంగారు పూత చాలా పల్చన, దాని సన్నటి రంధ్రాల్లోంచి కింది రాగికి తేమ తగిలి పచ్చటి మచ్చ లేస్తుంది. తీసినప్పుడు వెలుతురులో చూడండి. మచ్చ ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. రబ్బరుతో రుద్దేవారున్నారు, అది పూతనే గీకేస్తుంది.

సర్వర్ రూమ్‌కి ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే మూసేయండి. బయటి గాలి లోపలికి రాకూడదు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, అదే మేలు. తేమ 60 శాతం లోపు ఉండాలి. మన డెల్టాలో బయట 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున మంచుబిందువు 28 డిగ్రీలు. అంటే 28కన్నా చల్లగా ఉన్న ఏ లోహం మీదైనా ఆ గాలి తగిలితే నీరు పడుతుంది. కరెంటు పోయిందని సర్వర్ రూమ్ తలుపు తెరిచి పెడితే సరిగ్గా ఇదే జరుగుతుంది. తలుపు వేసే ఉంచి, వేడెక్కితే సర్వర్లు ఆపేయండి. రూమ్ కింది అంతస్తులో ఉంటే ర్యాక్ కింద రెండడుగుల దిమ్మ కట్టించండి. అక్టోబరు, నవంబరు వానలకు మురుగు వెనక్కి తన్నే ఊళ్లు మనవి.

ఉండి కాలువ:
బాగా చెప్పారండి. యూపీఎస్ ఒకటే, యూఎస్‌బీ హోస్ట్1కి ఉంది. కరెంటు ఎక్కువసేపు పోతే రెండు హోస్టులూ వాటంతటవే ఆగాలి. క్యూడివైస్ పెట్టాక ఆ యూఎస్‌బీ ఎక్కడ ఉండాలి?

గౌతమి ఒడ్డు:
చిన్న మెషీన్‌కి మార్చండి. యూపీఎస్‌ని గమనించే నట్ సాఫ్ట్‌వేర్‌లో యూఎస్‌బీ ఉన్నది ప్రైమరీ, అది చివర ఆగాలి. రెండు హోస్టులూ సెకండరీలు, టీసీపీ 3493 మీద దాన్ని వింటాయి. మధ్యలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. స్విచ్ ఆరిపోతే ఆగమన్న కబురే అందదు.

చాలామంది తడబడేది టైమింగ్ దగ్గర. సెకండరీ తన షట్‌డౌన్ మొదలుపెట్టగానే ప్రైమరీతో కనెక్షన్ వదిలేస్తుంది, వీఎమ్‌లు ఇంకా ఆగుతూనే ఉంటాయి. ప్రైమరీ మాత్రం "అందరూ వెళ్లిపోయారు" అనుకుని 5 సెకన్లు ఆగి తనూ ఆగిపోతుంది. పోతూ పోతూ యూపీఎస్‌కి కట్ చేయమని కూడా చెప్పేలా పెట్టి ఉంటే డేటాబేస్ మధ్యలో కరెంటు పోతుంది. కాబట్టి ప్రైమరీలో ఫైనల్‌డిలే, అంటే ఆ 5 సెకన్ల గడువు, పెంచాలి.

ఎంత పెంచాలో లెక్క చెబుతాను. ఒక్కో వీఎమ్‌కి షట్‌డౌన్ గడువు మామూలుగా 180 సెకన్లు, అప్పటికీ ఆగకపోతే బలవంతంగా ఆపేస్తుంది. స్టార్ట్ ఆర్డర్‌లో మూడు వరసలుంటే ఒక వరస ఆగాక ఇంకోటి, మొత్తం 540 సెకన్లు పట్టొచ్చు. ఫైనల్‌డిలే 600 పెట్టండి. డేటాబేస్‌కి ఆర్డర్ 1 ఇవ్వండి, ముందు లేస్తుంది, చివర ఆగుతుంది. అన్ని వీఎమ్‌లలో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ (వీఎమ్ లోపల ఉండి హోస్టు మాట వినే చిన్న ప్రోగ్రాం) ఉండాలి. అది లేని వీఎమ్ షట్‌డౌన్ సిగ్నల్ పట్టించుకోకపోతే గడువంతా తినేస్తుంది.

"లో బ్యాటరీ" అనే కబురు కోసం ఆగకండి. పాతబడ్డ బ్యాటరీలు ఆ కబురు చెప్పిన నిమిషానికే పడిపోతాయి. నట్‌లోనే ఉండే యూపీఎస్‌షెడ్‌లో టైమర్ పెట్టి, బ్యాటరీ మీదకి వెళ్లి 5 నిమిషాలు దాటితే "యూపీఎస్‌మాన్ -సీ ఎఫ్‌ఎస్‌డీ" (అన్నీ ఆగాలన్న ఆదేశం) నడిచేలా రాయండి. జనరేటర్ ఆలోపు అందుకుంటే టైమర్ రద్దు. ఈ 5, ఫైనల్‌డిలే 10 కలిపి 15 నిమిషాలు, ఇంకో 5 చేతిలో ఉంచుకుని 20 నిమిషాల బ్యాకప్ లోడ్ మీద నిజంగా వస్తోందో లేదో కొలవండి. రాకపోతే బ్యాటరీలు మార్చండి, టైమర్ తగ్గించి సర్దుకోకండి.

వశిష్ఠ రేవు:
హోస్ట్1 తీసేసేటప్పుడు వరస తప్పకండి. క్యూడివైస్ ఉండగా హోస్టుని చేర్చడం, తీయడం చేయకూడదు. ముందు "పీవీఈసీఎం క్యూడివైస్ రిమూవ్". కొత్త సర్వర్‌లో అదే వెర్షన్ వేసి, పేరు, ఐపీ ఖాయం చేసుకుని, ఒక్క వీఎమ్ కూడా సృష్టించకుండా క్లస్టర్‌లో చేర్చండి. ఇప్పుడు మూడు ఓట్లు. హోస్ట్1 వీఎమ్‌లు జరిపి, దాని రెప్లికేషన్ జాబులన్నీ తొలగించి, అవి పోయాయని చూసుకుని దాన్ని ఆపండి. అది ఆగి ఉండగానే హోస్ట్2 నుంచి "పీవీఈసీఎం డెల్‌నోడ్ హోస్ట్1". తర్వాత మళ్లీ రెండే హోస్టులు కాబట్టి క్యూడివైస్ సెటప్ మళ్లీ చేయాలి.

తీసేసిన హోస్ట్1ని అదే నెట్‌వర్క్‌లో అలాగే ఆన్ చేయకండి. దాని మటుకు అది ఇంకా క్లస్టర్‌లోనే ఉన్నానని అనుకుంటుంది, గందరగోళం చేస్తుంది. కేబుల్ పీకి, డిస్కులు తుడిచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేశాకే లైన్‌కి కలపండి. ఏ3 స్లాట్‌దే తప్పని తేలితే ఆ స్లాట్ వదిలేసి, మీ మదర్‌బోర్డు ఒప్పుకునే వరసలో మిగతా ర్యామ్‌తో ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేయండి. దానికి ఇంత మెమరీ అక్కర్లేదు. రూమ్ మాత్రం వేరేది చూడండి, పై అంతస్తులో.