క్యాన్సర్ ‘పురోగతి’ అనవచ్చునా? ముదరడం, పాకడం అన్న మాటల గురించి

“కణ ఉపరితల ప్రోటీన్లు పెద్దపేగు క్యాన్సర్ పురోగతిని ప్రభావితం చేస్తాయి” అన్న వాక్యంలో ‘పురోగతి’ సరైన మాటేనా అని మిత్రులొకరు అడిగారు. కాదనే నా అభిప్రాయం. దర్యాప్తులో పురోగతి, చదువులో పురోగతి అంటాం. ఆ మాట ఎప్పుడూ మేలు వైపే నడుస్తుంది. జబ్బుకు దాన్ని తగిలిస్తే, రోగికి నయమవుతోందని ఇంటివారు పొరబడే ప్రమాదం ఉంది. జబ్బు విషయంలో వాడడానికి మనకు ముదరడం, పాకడం అని రెండు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి పర్యాయపదాలు కావు. కణం పైపొర మీద జరిగే పనిని గమనిస్తే వాటి మధ్య తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ముదరడమంటే పరిమాణం పెరగడం మాత్రమే కాదు, స్వభావం మారడం కూడా. “తొండ ముదిరి ఊసరవెల్లి అయింది” అన్న సామెతలో ఉన్నది ఆ అర్థమే. పేగు లోపలి పొర మీద మొలిచిన పాలిప్ అనే చిన్న బుడిపె, జన్యువుల్లో మార్పులు ఒకటొకటిగా చేరుతుండగా, ఏళ్ల తరబడి మారుతూ క్యాన్సర్ కావడం అచ్చంగా ముదరడమే. ఇందులో చేయి ఉన్న ఉపరితల ప్రోటీన్లలో ఈజీఎఫ్ఆర్ ఒకటి. ఈ గ్రాహకం బయటి నుంచి వచ్చే పెరుగుదల సంకేతాన్ని అందుకుని, విభజన చెందమని కణం లోపలికి కబురు చేరవేస్తుంది. 2004లో అమెరికాలో ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి పొందిన సెటుక్సిమాబ్ అనే మందు ఆ గ్రాహకాన్నే బయటి నుంచి అడ్డుకుంటుంది. అయితే నూటికి దాదాపు 40 కణితుల్లో ఆ కబురును కణం లోపల ముందుకు పంపే కేరాస్ ప్రోటీన్ తాలూకు జన్యువు చెడి ఉంటుంది. అప్పుడు పైనుంచి సంకేతం అందకపోయినా లోపలి కబురు ఆగదు కనుక ఆ మందు వల్ల ప్రయోజనం ఉండదు; అందుకే ముందుగా ఆ జన్యుపరీక్ష చేయిస్తారు.

ఇక పాకడం. తీగ పాకుతుంది, పసిబిడ్డ పాకుతుంది. రెండింటిలోనూ ఉన్నది ఆధారాన్ని అంటిపెట్టుకుని కదలడం. (“గొడవ ముదిరి పాకాన పడింది” అన్నప్పటి పాకం వేరు, అది పొయ్యి మీది పాకం.) క్యాన్సర్ కణం కదిలే తీరు కూడా ఇదే కావడం నాకు ఎంతో ఆశ్చర్యంగా తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పేగు పొరలో ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్, కాల్షియం తోడుతో, పక్కపక్క కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. అది తగ్గిన చోట పట్టు సడలి, కణితి అంచున ఉన్న కణాలు విడివడతాయి. అలా విడివడిన కణం ఇంటెగ్రిన్లనే మరికొన్ని ఉపరితల ప్రోటీన్లతో చుట్టూ ఉన్న కొల్లాజెన్ పోగులను ముందువైపు పట్టుకుని, వెనుకవైపు పట్టు వదులుతూ జరుగుతుంది. వాసన వ్యాపిస్తుంది, వార్త వ్యాపిస్తుంది. ఈ పట్టుకుని జరగడమన్నది ‘వ్యాపించడం’లో లేదు. కాబట్టి పాకడాన్ని మోటుమాటగా తీసివేసి ‘వ్యాప్తి’ అని దిద్దేవారితో నేను ఏకీభవించలేను.

ఒక్క పరిమితి మాత్రం ఒప్పుకోవాలి. “లివర్‌కు పాకింది” అన్నప్పుడు మధ్యలో జరిగే ప్రయాణం మరుగున పడుతుంది. పెద్దపేగు రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది కనుక, ఆ రక్తంలో కొట్టుకుపోయిన కణాలు ఎక్కువగా అక్కడే నిలుస్తాయి. మలాశయం కింది భాగపు రక్తంలో కొంత కాలేయాన్ని తప్పించుకుని పోతుంది కాబట్టి, అక్కడి క్యాన్సర్ ముందుగా ఊపిరితిత్తుల్లో కనిపించడమూ ఉంది. ఈ దశకు ‘చేరి నాటుకోవడం’ నప్పుతుంది.

కనుక ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “పెద్దపేగు క్యాన్సర్ ఎంత త్వరగా ముదురుతుంది, చుట్టుపక్కలకు ఎలా పాకుతుంది, దూరపు అవయవాల్లో ఎక్కడ నాటుకుంటుంది అన్నవి కణాల పైపొర మీది ప్రోటీన్ల మీద కూడా ఆధారపడి ఉంటాయి.”