మైనర్‌గా అంతర్జాతీయ వ్యాపారం: తరగతి గదిలో ఎగుమతి నేర్చుకోవడం అయ్యే పనేనా?

తెనాలి తండ్రి:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి నాలుగేళ్ల డిగ్రీలో ఫుడ్ టెక్నాలజీ మేజర్‌గా చదువుతోంది. మొదటి సెమిస్టర్ పూర్తయింది, శుక్రవారంలోగా మైనర్ (మేజర్‌తో పాటు చదివే రెండో సబ్జెక్టు) ఏమిటో రాసి ఇవ్వాలి. తను అంతర్జాతీయ వ్యాపారం తీసుకుంటానంటోంది, నేను డేటా సైన్స్ తీసుకోమంటున్నాను. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన విధానం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లయితే అందులో మైనర్‌వి 32, అంటే చదువులో అయిదో వంతు. అంత భాగాన్ని దేనికి ఇవ్వాలన్నది నాకు తేలడం లేదు. మా ఇంట్లో వ్యాపారం చేసినవారు ఎవరూ లేరు, నేను గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కోడ్ కొండయ్య:
డేటా సైన్స్ తీసుకోమనండి. ఉద్యోగాలు అక్కడే ఉన్నాయి.

యార్డు రోడ్డు:
అయ్యా, నేను గుంటూరులో 22 ఏళ్లుగా మిర్చి ఎగుమతి చేస్తున్నాను, కాబట్టి దాచుకోకుండా చెబుతాను. ఈ చదువు మీద పెట్టే సమయం వృథా. ఎగుమతి అనేది కొట్టులో కూర్చుని, టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, కాయ విరిచి చూసి, ఏది ఏ దేశానికి పోతుందో కళ్లతో తెలుసుకుంటే వచ్చే విద్య. తేజ రకాన్ని చైనావారు ఎందుకు అడుగుతారో, తాలు (రంగు పోయిన కాయ) ఎంత శాతం దాటితే కొనేవాడు వెనక్కి తగ్గుతాడో ఏ పుస్తకమూ చెప్పదు.

రెండేళ్ల కిందట అంతర్జాతీయ వ్యాపారంలో డిగ్రీ ఉన్న కుర్రాడిని పత్రాల పనికి పెట్టుకున్నాను. మలేసియాకు ఎల్‌సీ (పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బు చెల్లిస్తానని కొన్నవాడి బ్యాంకు ఇచ్చే హామీ) మీద సరుకు పంపాం. సరుకు ఓడ ఎక్కిన తేదీ నుంచి 21 రోజుల్లోపు పత్రాలు బ్యాంకుకు అందాలి. అతను ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో (సరుకులో తెగుళ్లు లేవని చెప్పే పత్రం) ఒక అక్షరం సరిచేయించడానికని ఆగి, 23వ రోజున తీసుకువెళ్లాడు. బ్యాంకు తప్పు చూపించింది. ఈలోగా అక్కడ ధర పడిపోయింది, కొన్నవాడికి అదే సాకు దొరికింది, ధర తగ్గిస్తే తప్ప పత్రాలు విడిపించుకోనన్నాడు. సరుకు వాళ్ల రేవులో ఉంది, రోజుకింత అద్దె పెరుగుతోంది, చివరికి ఒప్పుకోక తప్పలేదు. పదో తరగతి తప్పిన నా పాత గుమాస్తా ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ గడువు దాటనివ్వలేదు. ఇక మీరే ఆలోచించుకోండి.

నల్లబల్ల:
నేను ఈ విషయాన్నే తొమ్మిదేళ్లుగా బోధిస్తున్నాను. యార్డు రోడ్డు గారికి జరిగిన నష్టం చిన్నది కాదు, కానీ ఒక కుర్రాడి అజాగ్రత్తను చదువు మీద మోపడం న్యాయం కాదు. ఆ 21 రోజుల నియమం, ఎల్‌సీల విషయంలో బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600లోని 14వ నిబంధన. ఎల్‌సీలో వేరే గడువు రాసి ఉంటే అది వర్తిస్తుందని, పత్రాలు పరిశీలించడానికి బ్యాంకుకు అయిదు పనిదినాలే ఉంటాయని కూడా ఆ నియమావళిలోనే ఉంది. ఇవన్నీ మేం పాఠంగా చెబుతాం.

ఈ చదువు పత్రాలు నింపడం నేర్పడానికే పరిమితం కాదు. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు కాకినాడ బియ్యం వ్యాపారులకు ఒక్కరోజులో పని ఆగిపోయింది. అయితే ఆ ఉత్తర్వులోనే మినహాయింపులున్నాయి. అప్పటికే ఓడలో లోడింగ్ మొదలైన సరుకు వెళ్లవచ్చు, ఉత్తర్వుకు ముందే కస్టమ్స్‌కు అప్పగించిన సరుకు వెళ్లవచ్చు. ఉత్తర్వు చదివి అర్థం చేసుకోగలిగినవారికీ, ఎవరో ఫోన్లో చెబితే విన్నవారికీ ఆ వారంలో చాలా తేడా ఉంది. ఆ నిషేధం ఎత్తివేయడానికి 2024 సెప్టెంబరు దాకా పట్టింది. ప్రభుత్వం ఎందుకు నిషేధిస్తుంది, ఎప్పుడు సడలిస్తుంది, దానితో ధర ఎటు పోతుంది అని ఆలోచించడమే ఈ చదువు.

తెనాలి తండ్రి గారూ, మీ అమ్మాయి మేజర్ ఫుడ్ టెక్నాలజీ అన్నది ఇక్కడ ముఖ్యం. ఐరోపా సమాఖ్య మిరపలో బూజు వల్ల పుట్టే విషమైన అఫ్లటాక్సిన్ బీ1ను కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లను 10 మైక్రోగ్రాములు దాటనివ్వదు. తడి ఆరని కాయలో బూజు ఎలా పుడుతుందో తన మేజర్ చెబుతుంది, ఆ బూజు వల్ల కంటైనర్ తిరిగి వస్తే ఎవరు భరించాలో తన మైనర్ చెబుతుంది. ఈ రెండూ తెలిసిన మనిషి దొరకడం కష్టం.

రేవు గేటు:
నేను విశాఖలో కస్టమ్స్ ఏజెంటు దగ్గర 15 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మేడం, ఒక్క ప్రశ్న. సరుకు బాధ్యత అమ్మినవాడి నుంచి కొన్నవాడికి ఎక్కడ మారుతుందో చెప్పే షరతు విషయంలో, మీ తరగతిలో కంటైనర్ సరుకుకు ఎఫ్‌ఓబీ అని చెబుతున్నారా, ఎఫ్‌సీఏ అని చెబుతున్నారా? దీన్నిబట్టే మీ చదువు విలువ తెలుస్తుంది.

చెరువు గట్టు:
మాది భీమవరం దగ్గర. 2025 ఆగస్టు 7న అమెరికా మన దేశపు సరుకు మీద 25 శాతం సుంకం వేసింది, 27న మరో 25 శాతం వేసింది. మా చెరువులో రొయ్య కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) మారలేదు, ధర మాత్రం మారింది. వ్యాపారం తెలియనివారు కూడా ఇప్పుడు ఇది చదవాల్సిందే.

నల్లబల్ల:
రేవు గేటు గారూ, అంతర్జాతీయ అమ్మకపు షరతుల నియమాలైన ఇన్‌కోటర్మ్స్ 2020లో ఉన్నదే చెబుతాం. సరుకును టెర్మినల్‌లో అప్పగించే పద్ధతికి ఎఫ్‌ఓబీ సరిపోదు, ఎఫ్‌సీఏ వాడాలి.

యార్డు రోడ్డు:
చూశారా, నేను చెప్పింది ఇదే. 22 ఏళ్లలో నేను పంపిన ప్రతి కంటైనర్‌కూ ఎఫ్‌ఓబీ అనే రాశాను. కొనేవాడు అదే అడుగుతాడు, బ్యాంకు అదే తీసుకుంటుంది. ఎఫ్‌సీఏ అని రాసి పంపితే అవతలివాడు ఇదేమిటని ఫోన్ చేస్తాడు. బజారులో నడవని మాటను పిల్లలకు నేర్పి ఏం లాభం?

రేవు గేటు:
బజారు నడుస్తోంది కదా అని అది సరైనది అయిపోదు. ఒక తుపాను సమయంలో మా ఖాతాదారు కంటైనర్ టెర్మినల్‌లో ఓడ కోసం ఎదురుచూస్తుండగా అడుగున నీరు చేరి సరుకు పాడయింది. కాగితంలో ఎఫ్‌ఓబీ అని ఉంది. ఎఫ్‌ఓబీలో సరుకు ఓడ మీదికి ఎక్కేదాకా బాధ్యత అమ్మినవాడిదే. కొన్నవాడి బీమా అప్పటికి మొదలే కాలేదు, ఈయన సొంతంగా బీమా తీసుకోలేదు. ఎఫ్‌సీఏ అని రాసి టెర్మినల్ పేరు పెట్టి ఉంటే, అప్పగించిన క్షణం నుంచి అది కొన్నవాడి సరుకు. మూడే అక్షరాల తేడా, ఆ మనిషి ఆ ఏడాది లాభమంతా పోయింది. ఎల్‌సీకి సరుకు ఓడ ఎక్కిందని చెప్పే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సంస్థ ఇచ్చే సరుకు రసీదు) కావాలని బ్యాంకు అడుగుతుందన్నదే మీ భయమైతే, దానికీ 2020 నియమాల్లో దారి చూపించారు. కొన్నవాడు ఓడ సంస్థకు చెప్పి అలాంటి బిల్లు ఇప్పించవచ్చు.

యార్డు రోడ్డు:
నేను రేవు దాకా బీమా సొంతంగా తీసుకుంటాను. నాకు ఆ నష్టం ఎప్పుడూ రాలేదు.

రేవు గేటు:
మీరు తీసుకుంటారు, అందరూ తీసుకోరు. నేను అడిగింది మీ గురించి కాదు, నియమం గురించి.

ఇంటర్ అయిపోయింది:
ఈ విషయమే చదవాలనుకుంటే మైనర్ ఎందుకు? ఢిల్లీలో 1963లో మొదలైన ఐఐఎఫ్‌టీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) 2022 నుంచి కాకినాడలో కూడా ప్రాంగణం ఉంది. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సు అక్కడే చేయవచ్చు.

కోడ్ కొండయ్య:
మైనర్ పేరు పట్టా మీద వస్తుందా, మార్కుల జాబితాలోనే ఉంటుందా? పట్టా మీద రాకపోతే ఇంత చర్చ అనవసరం.

యార్డు రోడ్డు:
ఎఫ్‌ఓబీ సంగతి పక్కన పెట్టండి. నల్లబల్ల గారూ, మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. తొమ్మిదేళ్లు చెప్పారు కదా, మీరు ఒక్క కంటైనర్ అయినా పంపారా? ఒక్క టిక్కీ కొన్నారా? జనవరిలో కొత్త కాయ వచ్చినప్పుడు తెల్లవారకముందే యార్డులో నిలబడి ఆ ఘాటుకు దగ్గారా? ఐఈసీ నంబరుకు (ఎగుమతి, దిగుమతులు చేసేవారి కోడ్) 500 రూపాయలు కడితే ఎవరైనా ఎగుమతిదారే అని పిల్లలకు చెబుతారు. నంబరు తీసుకుని ఒక్క షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) కూడా వేయనివారు మా వీధిలోనే నలుగురున్నారు. నేర్చుకోవాలంటే ఎవరి కొట్టులోనైనా రెండేళ్లు కూర్చోవాలి. దానికి 32 క్రెడిట్లు అక్కరలేదు, ఓపిక ఉంటే చాలు.

నల్లబల్ల:
ఇది ఇక్కడ రాయకూడదని అనుకున్నాను, కానీ మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. మా నాన్నగారిది మిర్చి కమీషన్ కొట్టు. నేను పుట్టక ముందు నుంచీ ఉంది. మా అన్నయ్యను పద్నాలుగో ఏట యార్డుకు తీసుకువెళ్లారు, చిట్టా రాయడం నేర్పారు, కొనేవారికి పరిచయం చేశారు. లెక్కల్లో వాడికన్నా నాకు ఎక్కువ మార్కులు వచ్చేవి. నేను వస్తానంటే, ఆడపిల్లకు యార్డులో ఏం పని అన్నారు. రాత్రి అన్నయ్య ఇంటికి తెచ్చిన చిట్టా పుస్తకాన్ని వాడు నిద్రపోయాక వంటింట్లో తెరిచి చూసుకునేదాన్ని. రకం పేరు, బస్తాల సంఖ్య, ధర చదివేదాన్ని, కానీ వాటి వెనుక ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పేవారు కాదు. ఆ తర్వాత ఎంబీఏలో ఈ సబ్జెక్టు మొదటి తరగతి విన్నప్పుడు, మా ఇంట్లో పదిహేనేళ్లు నా ముందే జరిగిన పని మొదటిసారి అర్థమైంది.

ఎవరి కొట్టులోనైనా కూర్చోవాలి అంటున్నారు. ఎవరిని కూర్చోనిస్తారు? మీ గుమాస్తా ఎవరి తాలూకు? మీ కొట్టులో ఈ 22 ఏళ్లలో బంధువు కానివారు, తెలిసినవారి సిఫారసు లేనివారు ఎందరు నేర్చుకున్నారు? ఆడపిల్లలు ఎందరు? నా తరగతిలో కౌలు రైతుల పిల్లలున్నారు, ఆటో నడిపేవారి అమ్మాయిలున్నారు. వారికి ఏ కొట్టులోనూ చోటు లేదు. తెనాలి తండ్రి గారు మొదటి ఉత్తరంలోనే రాశారు, వాళ్ల ఇంట్లో వ్యాపారం చేసినవారు లేరని. ఆ ఒక్క వాక్యాన్ని ఇంతసేపూ మనలో ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

యార్డు రోడ్డు:
మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా అమ్మాయిని నేను కూడా యార్డుకు తీసుకువెళ్లలేదు. లారీల మధ్య, హమాలీల తొక్కిసలాటలో పిల్లకు ఏమైనా అవుతుందని భయపడ్డాను. తప్పో ఒప్పో నాకు తెలియదు, భయం మాత్రం నిజం.

కానీ రెండో మాట ఒప్పుకోను. బయటివారిని కూర్చోబెట్టకపోవడానికి కులమో చుట్టరికమో మాత్రమే కారణం కాదు. ఈ వ్యాపారంలో నాకున్న ఆస్తి గోడౌన్ కాదు, కొనేవారి పేర్లు. ఒక్కొక్కరినీ సంపాదించడానికి ఏళ్లు పట్టింది. నా దగ్గర నేర్చుకున్న ఒకడు పేర్ల జాబితా పట్టుకుపోయి, నాకన్నా తక్కువ ధర చెప్పి ఇద్దరిని లాక్కున్నాడు. అప్పటి నుంచి తలుపు వేసుకున్నాను. మీ తరగతి గదిలో అన్నీ చెప్పగలరు, ఎందుకంటే అక్కడ పోగొట్టుకునేది ఏమీ లేదు. నేను చెప్పలేను, ఎందుకంటే చెబితే నా తిండి పోతుంది.

నల్లబల్ల:
మీరు ఇంత నిజాయితీగా రాస్తారని అనుకోలేదు. మీ నష్టం నాకు అర్థమైంది. అయినా నా అభిప్రాయం మారలేదు. తలుపు వేసుకోవడానికి మీకు కారణం ఉంది, ఆ తలుపు బయట ఉన్నవారికి మాత్రం తరగతి తప్ప మరో దారి లేదు. అక్కడ నేర్పేది సగమే అయినా, ఆ సగం కూడా లేకుండా వారు మీ గుమ్మం దాకా రాలేరు.

చెరువు గట్టు:
ఇద్దరూ చెప్పింది నిజమే. మా ఊళ్లో రొయ్య ఏ దేశం పోతుందో పెంచినవారికి తెలియదు, కొన్నవారే చెప్పాలి.

తెనాలి తండ్రి:
మా అమ్మాయి ఇదంతా చదివింది. డేటా సైన్స్ తీసుకోమని నేను ఇక బలవంతం చేయడం లేదు. తను ఒక్కటే అడగమంది: కాలేజీలో ఈ మైనర్ తీసుకునే ముందు దేని గురించి విచారించాలి?

నల్లబల్ల:
పాఠ్య ప్రణాళికలో ఎగుమతి పత్రాల మీద విడిగా ఒక పేపరు ఉందా, ఆ పేపరులో నిజమైన ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, ఎల్‌సీ నమూనాలను పిల్లల చేత నింపిస్తారా అని అడగండి. వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఎగుమతి సంస్థకో కస్టమ్స్ ఏజెంటు దగ్గరకో పంపుతారా అని కూడా అడగండి. గుంటూరులో స్పైసెస్ బోర్డు పరీక్షాశాల ఉంది. ఫుడ్ టెక్నాలజీ పిల్లలు ఒక్కసారైనా అక్కడికి వెళ్లి చూడాలి. ఇవేవీ లేకుండా సిద్ధాంతం మాత్రమే చెబుతామంటే, నేనైనా వద్దనే చెబుతాను.

రేవు గేటు:
ఎఫ్‌సీఏ చెబుతారా అని కూడా అడగండి. నేను మనస్ఫూర్తిగానే చెబుతున్నాను.

యార్డు రోడ్డు:
ఆ ఇంటర్న్‌షిప్‌కు చోటు దొరకకపోతే ఇక్కడే నాకు సందేశం పెట్టండి. మా కొట్టులో నెల రోజులు కూర్చోవచ్చు, పాత ఫైళ్లు చూపిస్తాను, 23వ రోజున బ్యాంకుకు వెళ్లిన ఆ ఎల్‌సీ ఫైలు కూడా చూపిస్తాను. కొనేవారి పేర్లు ఉన్నచోట మాత్రం కాగితం అంటించి ఇస్తాను. అది తీయమని అడగకూడదు.