వేడి చేసిన అమెథిస్ట్‌ని ‘నేచురల్ సిట్రిన్’ అని అమ్మితే మోసమేనా?

అనంతపురం రాళ్లు:
ఇన్‌స్టాలో ఈ మధ్య ఎక్కడ చూసినా సిట్రిన్ (పసుపు రంగు క్వార్ట్జ్, అంటే స్ఫటికం) రాళ్ల రీల్సే. “నూటికి నూరు శాతం నేచురల్, బ్రెజిల్ గని నుంచి నేరుగా, సర్టిఫికెట్‌తో సహా. గల్లాపెట్టె దగ్గర పెడితే డబ్బు నిలుస్తుంది” అంటున్నారు. ఆ ఫొటోల్లో రాయి అడుగంతా సున్నంలా తెల్లగా ఉంది, మొనల దగ్గర మాత్రం ముదురు నారింజ. భూమిలో దొరికే సిట్రిన్ మామూలుగా అలా ఉండదు. లేత పసుపు రంగులో, ఒక్కోసారి పొగచూరినట్టు గోధుమ ఛాయతో, రాయంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వీళ్లు చూపిస్తున్నది వేడి చేసిన అమెథిస్ట్, అదీ క్వార్ట్జే. దక్షిణ బ్రెజిల్‌లోని రియో గ్రాండే దో సుల్‌లో ఊదా రంగు అమెథిస్ట్ విపరీతంగా దొరుకుతుంది. దాన్ని దాదాపు 450 డిగ్రీల దాకా వేడి చేస్తే ఊదా పోయి ఈ నారింజ వస్తుంది.

వేడి చేయడం తప్పని నేను అనడం లేదు. వేడి చేసిన సంగతి ఎక్కడా చెప్పకుండా ‘నేచురల్’ అని పెద్దక్షరాల్లో వేసి, అసలు సిట్రిన్ ధర అడగడం మోసమే అంటాను. మీరేమంటారు?

చార్మినార్ గల్లీ:
మాది రాళ్ల కొట్టే కాబట్టి చెప్తున్నా, మోసం అనే మాట అంత తేలిగ్గా అనకండి అన్నా. మార్కెట్‌కి వచ్చే సిట్రిన్‌లో ఎక్కువ భాగం ఇలా వేడి చేసిందే. కెంపులూ నీలాలూ కూడా ఎక్కువ వేడి చేసినవే వస్తాయి. శ్రీలంకలో తరతరాలుగా బొగ్గుల మీద ఊదురుగొట్టంతో కాల్చి కెంపు రంగు తేల్చారు, అది రహస్యమేమీ కాదు. మా లైన్‌లో నేచురల్ అంటే ల్యాబ్‌లో పెంచింది కాదు, గనిలో తవ్వింది అని. ఈ రాయి క్వార్ట్జే, గనిలోంచి వచ్చిందే, ఆ రంగు మళ్లీ వెలిసిపోదు. గాజు ముక్కని రాయి అని అంటగడితే అది మోసం. దాన్నీ దీన్నీ ఒకే గాటన కడితే నిజాయితీగా అమ్మేవాడికే దెబ్బ.

విశాఖ తీరం:
మీ లైన్‌లో దాని అర్థం మీకు తెలుసండి, కొనేవాళ్లకి తెలియదు. ‘నేచురల్’ అని చూడగానే ఆ రంగుతోనే భూమిలోంచి వచ్చిందని ఎవరైనా అనుకుంటారు. అమ్మేవాళ్లు ఆ మాట వేసేదే అందుకు.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్తాను. ఆన్‌లైన్‌లో కొన్న పెండెంట్‌తో పాటు ఏటీఎం కార్డు సైజులో ఒక ప్లాస్టిక్ కార్డు వచ్చింది. దాని మీద స్పీసీస్: నేచురల్ క్వార్ట్జ్, వెరైటీ: సిట్రిన్, తర్వాత బరువు, కొలతలు, రంగు. ట్రీట్‌మెంట్ అన్న గడి ఖాళీ. కార్డు మీద ఉన్న ఒక్క మాట కూడా అబద్ధం కాదు, ఎందుకంటే అమెథిస్ట్ కూడా క్వార్ట్జే. ఆ ఖాళీ గడి చూసి “ఏ ట్రీట్‌మెంటూ లేదు” అని మనమే అనుకుంటాం. పైగా అమ్మినవాళ్లు “హాల్‌మార్క్ ఉన్న రాయి” అని కూడా రాశారు! బీఐఎస్ హాల్‌మార్క్ వెండి, బంగారం స్వచ్ఛతకి వేసే ముద్ర. అందులో పొదిగిన రాయి గురించి అది ఏమీ చెప్పదు.

జియాలజీ మాస్టారు:
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నన్నడిగితే ఇందులో మూడు రకాలున్నాయి, వాటిని కలిపేయడం వల్లే వాదన తెగడం లేదు.

మొదటిది అసలు రాయే కానిది. మూన్‌స్టోన్ పేరుతో అమ్మే నీలి మెరుపు ‘ఓపలైట్’ గాజు. సన్‌స్టోన్ అని అంటగట్టే ‘గోల్డ్‌స్టోన్’ కూడా గాజే, అందులో మిలమిలలాడేవి సన్నని రాగి స్ఫటికాలు. ‘చెర్రీ క్వార్ట్జ్’ పేరుతో వచ్చేదీ ఎక్కువగా గాజే.

రెండోది రాయే గాని, పగుళ్లు పూడ్చింది. పగుళ్లున్న నాసిరకం కెంపులో సీసం కలిపిన గాజు కరిగించి నింపుతారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఉంగరం రిపేర్‌కి ఇస్తే కంసాలి మంటకి ఆ గాజు దెబ్బతింటుంది. నిమ్మరసం తగిలినా పైన మరకలు పడతాయి. వంట చేసే చేతికి అలాంటి ఉంగరం అమ్మి ఆ మాట చెప్పకపోవడం పచ్చి అన్యాయం.

మీరు మాట్లాడుతున్న సిట్రిన్ మూడోది. రాయి గట్టిదే, రంగు నిలిచేదే. ఇక్కడ నష్టం ధరలోనే.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి చెప్తాను. స్ఫటికం గోళం కొంటే, తెల్ల కాగితం మీద ఒక వెంట్రుక పెట్టి దాని మీద గోళం ఉంచి మెల్లగా తిప్పుతూ పైనుంచి చూడండి. క్వార్ట్జ్ అయితే ఏదో ఒక కోణంలో వెంట్రుక రెండుగా విడిపోయి కనిపిస్తుంది. గాజు అయితే ఎటు తిప్పినా ఒక్కటే. ల్యాబ్‌లో పెంచిన క్వార్ట్జ్ కూడా రెండుగానే చూపిస్తుంది, కాబట్టి దీంతో పట్టుబడేది గాజు ఒక్కటే.

గోదారి గట్టు:
మా అమ్మకి జాతకం చూసి కనక పుష్యరాగం పెట్టుకోమన్నారు. కొట్లో “ఇది కూడా పుష్యరాగమే, తక్కువలో వస్తుంది” అని సునేలా చూపించారు. సునేలా అంటే ఈ సిట్రినేనా? నమ్మకం సంగతి వదిలేయండి, అమ్మ మనసుకి అది కావాలి. రాయి మాత్రం అసలుది కావాలి.

జియాలజీ మాస్టారు:
అవునమ్మా, సునేలా అంటే సిట్రినే. కనక పుష్యరాగం అంటే పసుపు నీలం (ఎల్లో సఫైర్), అంటే కెంపు జాతి ఖనిజమైన కోరండం. రెండూ వేరు వేరు ఖనిజాలు. ఉపరత్నంగా పెట్టుకుంటామంటే అది మీ ఇష్టం గానీ, ‘ఇది కూడా పుష్యరాగమే’ అనడం మాత్రం తప్పు.

పొదగని రాయి అయితే తేలిక. రెండు దశాంశాల దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా తీసుకోండి. ముందు రాయిని మామూలుగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, దారానికి కట్టిన రాయిని అడుగుకి తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. కాటా ఎంత చూపిస్తే దాంతో మొదటి బరువుని భాగించండి. సిట్రిన్‌కి 2.65 దగ్గర వస్తుంది, పసుపు నీలానికి 4. ఐదు కేరెట్ల రాయి ఒక గ్రాము కదా, నీళ్లలో సిట్రిన్ 0.38 చూపిస్తే నీలం 0.25 చూపిస్తుంది. ల్యాబ్‌లో తయారైన నీలానికి కూడా 4 వస్తుంది కాబట్టి, పెద్ద మొత్తం పెట్టేటప్పుడు మంచి ల్యాబ్ రిపోర్టు తప్పదు. ఆ ల్యాబ్‌ని మీరే ఎంచుకోండి, కొట్టువాడికి వదలొద్దు.

డల్లాస్ తెలుగు:
అమెరికాలో ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) జువెలరీ గైడ్స్‌ని 2018లో సవరించారు. ఆకుపచ్చ క్వార్ట్జ్ అయిన ప్రాసియోలైట్‌ని ‘గ్రీన్ అమెథిస్ట్’ అనడం, మరకతం జాతి ఖనిజమైన పసుపు బెరిల్‌ని ‘ఎల్లో ఎమరాల్డ్’ అనడం తప్పుదోవ పట్టించే పేర్లకి ఉదాహరణలుగా వాటిలో ఇచ్చారు. ఇక ట్రీట్‌మెంట్ గురించి చెప్పాల్సింది ఎప్పుడంటే: అది శాశ్వతం కానప్పుడు, రాయికి ప్రత్యేక జాగ్రత్త కావాల్సినప్పుడు, లేదా రాయి విలువ మీద గట్టి ప్రభావం ఉన్నప్పుడు.

చార్మినార్ గల్లీ:
చూశారా, వేడి చేసిన సిట్రిన్ శాశ్వతం, ప్రత్యేక జాగ్రత్తా అక్కర్లేదు.

విశాఖ తీరం:
మూడోది వదిలేశారండి. వేడి చేయనిదని నమ్మించడం వల్లే అంత రేటు పలుకుతుంటే విలువ మీద ప్రభావం ఉన్నట్టే కదా. మన దగ్గరా చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. ప్రచారం చేసినవాళ్లకి కూడా వర్తిస్తుంది, అంటే రీల్స్ చేసేవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. ఫిర్యాదుకి హెల్ప్‌లైన్ నంబరు 1915. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు దాచుకోండి.

అనంతపురం రాళ్లు:
చార్మినార్ అన్నా, సూటిగా అడుగుతున్నా. మీ కొట్టులో సిట్రిన్ కొని, బిల్లు మీద ‘వేడి చేసినది’ అని రాయమంటే రాస్తారా?

చార్మినార్ గల్లీ:
రాస్తాను. అడిగినవాళ్లకి ఎప్పుడూ చెప్తాం. అడగకుండా ప్రతి రాయికీ చెప్పాలంటే మాత్రం ఒప్పుకోను. పక్క కొట్టువాడు చెప్పకుండా నేనొక్కడినే చెప్తే కస్టమర్ నాదే నకిలీ అనుకుని వెళ్లిపోతాడు. ముందు రూల్ అందరికీ ఒకటి పెట్టించండి.

అనంతపురం రాళ్లు:
ఆ ఇబ్బంది నిజమే అన్నా. కానీ దాని భారం ఏమీ తెలియని కొనేవాడి మీద వేయడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. కార్డు అచ్చు వేయించేవాడికి ఆ ఒక్క గడి నింపడం పెద్ద పనేం కాదు.

చార్మినార్ గల్లీ:
సరే, మనం ఏకీభవించం. ఒక్కటి మాత్రం అందరూ గమనించండి. ఈ చర్చ చదివి రేపు ‘అన్‌హీటెడ్ సిట్రిన్’ కోసం పరిగెత్తకండి. సిట్రిన్‌ని వేడి చేశారో లేదో ల్యాబ్ కూడా అన్నిసార్లూ తేల్చలేదు. తేల్చలేని దానికి రెట్టింపు అడిగేవాడు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాడు.

జియాలజీ మాస్టారు:
ఇది నిజం. ‘అన్‌హీటెడ్’ అని ఎక్కువ డబ్బు అడిగితే ఆ మాట ఏ పరీక్షతో తేలిందో రిపోర్టులో చూపించమనండి. చూపించకపోతే మామూలు సిట్రిన్ రేటుకి మించి ఇవ్వొద్దు.