రెండు ఇంటర్వెల్స్ కలుస్తున్నాయి, అయినా పి-వాల్యూ 0.027. ఏది నమ్మాలి?

ప్రశ్న:
సర్వే ఆహ్వానాన్ని రెండు రకాలుగా రాసి, లాటరీ పద్ధతిలో విడదీసి చెరో 400 మందికి పంపారు. ‘ఎ’కి 60 మంది (15%), ‘బి’కి 84 మంది (21%) స్పందించారు. 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ (అసలు శాతం ఉండగలదని అంచనా వేసే హద్దులు): ఎ 11.5–18.5, బి 17.0–25.0. 17 నుంచి 18.5 దాకా రెండూ కలుస్తున్నాయి కదా, తేడా లేనట్టే అనుకున్నాను. జెడ్ టెస్ట్‌లో (రెండు శాతాలను పోల్చే పరీక్ష) మాత్రం పి-వాల్యూ (అసలు తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంకా ఎక్కువ, వచ్చే సంభావ్యత; మామూలుగా 0.05 కన్నా తక్కువైతే తేడా ఉన్నట్టు తీసుకుంటారు) 0.027. లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు 1:
లెక్క సరిగ్గానే ఉందండీ. చూడాల్సిన ఇంటర్వెల్ అది కాదు, అంతే. ప్రశ్న తేడా గురించి, కాబట్టి ఇంటర్వెల్ కూడా తేడాకే కట్టాలి.

స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ మారితే శాతం ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలత) ఎ-కి 1.79 పాయింట్లు, బి-కి 2.04. విడివిడి ఇంటర్వెల్స్ తగలకుండా ఉండాలంటే ఈ రెంటి మొత్తం 3.82 ఇంటూ 1.96, అంటే 7.5 పాయింట్ల తేడా రావాలి. కానీ శాంపిల్స్ స్వతంత్రమైనప్పుడు కూడాల్సింది ఎర్రర్లను కాదు, వాటి వర్గాలను. 1.79², 2.04² కూడి వర్గమూలం తీస్తే 2.71. దాన్ని 1.96తో గుణిస్తే 5.3. మీ తేడా 6: 5.3 గీత దాటింది, 7.5 గీత దాటలేదు. తేడా ఇంటర్వెల్ 0.7 నుంచి 11.3, అందులో సున్నా లేదు.

విడివిడి ఇంటర్వెల్స్ అసలు తగలకపోతే తేడా ఉన్నట్టే. తగిలితే మాత్రం దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదు.

జవాబు 2:
పై జవాబుకు చిన్న మెలిక. టెస్ట్‌లో ‘రెండూ ఒకటే’ అన్న ఊహ మీద 144/800 = 18% తీసుకుని ఎర్రర్ లెక్కిస్తాం (2.72). ఇంటర్వెల్‌లో అలా కలపం. అందుకే సరిహద్దు కేసుల్లో రెండూ ఒక్కోసారి పేచీ పెడతాయి. ఆర్‌లో (స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) ‘ప్రాప్.టెస్ట్’ కమాండ్ వాడితే 0.034 వస్తుంది, కంగారుపడకండి: అది అడక్కుండానే యేట్స్ కరెక్షన్ (పి-వాల్యూను కాస్త పెంచే సవరణ) వేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
30 మందిలో 1, ఇంకో 30 మందిలో 6 ఉంటే ఇదే పద్ధతి చాలా?

జవాబు 2:
చాలదు. ఉమ్మడి రేటు 7/60, ఒక్కో గుంపులో ఆశించే సంఖ్య 3.5 మాత్రమే, కనీసం 5 ఉండాలి. జెడ్ టెస్ట్ 0.044 అని ఊరిస్తుంది, ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ (చిన్న సంఖ్యలకూ పనికొచ్చేలా సంభావ్యతను నేరుగా లెక్కించే పరీక్ష) 0.103 అంటుంది. ఇంటర్వెల్‌కు అగ్రెస్టీ–కాఫో (2000) చిట్కా వాడండి: ప్రతి గుంపుకూ ఒక సఫలం, ఒక విఫలం కలిపి 2/32, 7/32తో మామూలు సూత్రమే. −1.0 నుంచి 32.2 వస్తుంది. కలపకపోతే 1.0 నుంచి 32.4, సున్నా తప్పించుకుపోతుంది.

జవాబు 1:
రెండు ఆహ్వానాలూ అదే మనుషులకు వెళ్లుంటే పై లెక్కలేవీ పనికిరావు. అప్పుడు ఒకదానికే స్పందించినవాళ్లను మాత్రం లెక్కలోకి తీసుకునే మెక్‌నెమార్ టెస్ట్ చేయాలి.