టాంపా బేలో బోటు: నీళ్లలో స్లిప్ మేలా, డ్రై ర్యాక్ మేలా?

టాంపా తెలుగోడు
అందరికీ నమస్కారం. 24 అడుగుల సెంటర్ కన్సోల్ బోటు (స్టీరింగ్ మధ్యలో ఉండేది) కొంటున్నాం, వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఇంటి ముందు ట్రైలర్ పెట్టనివ్వదు, కాబట్టి బోట్లు పెట్టుకునే మెరీనాయే దిక్కు. ఇక్కడే ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ వైపు చూస్తున్నాం. నీళ్లలో కట్టేసే స్లిప్ తీసుకోవాలా, ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తి షెడ్డులో అరల మీద పెట్టే డ్రై ర్యాక్ తీసుకోవాలా?

స్లిప్ వాసి
స్లిప్పే తీసుకోండి. బోటు కొనుక్కునేది మనకు బుద్ధి పుట్టినప్పుడు ఎక్కడానికి. ర్యాక్ అయితే ముందే ఫోన్ చేసి చెప్పాలి, వాళ్లు దించాలి, మళ్లీ వాళ్ల డ్యూటీ అయిపోయేలోపు తిరిగి రావాలి. శనివారం పొద్దున వరుసలో నిలబడాలి. తెల్లవారకముందే స్నూక్ చేపల వేటకు వెళ్లేవాళ్లకు అది కుదిరే పని కాదు.

గల్ఫ్ తీరం
శనివారం వరుస సంగతి నిజమే, కాదనను. కానీ మీరు బోటు ఎక్కేది నెలలో నాలుగైదు రోజులు. మిగతా రోజులన్నీ అది ఎక్కడుంటుందో ఆలోచించండి.

ఇక్కడ వేసవిలో నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ వెచ్చటి ఉప్పునీళ్లలో కొద్ది వారాలకే అడుగున నాచు, దాని మీద బార్నకిల్ గుల్లలు పట్టేస్తాయి. అవి పట్టాక వేగం పడిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అందుకని అవి పట్టకుండా రాగి కలిసిన యాంటీఫౌలింగ్ పెయింట్ వేయించాలి, డైవర్‌ని పెట్టి గీకించాలి, కొన్నాళ్లకు మళ్లీ పెయింట్. ఈ ఖర్చు స్లిప్ అద్దెలో కనపడదు. ఏళ్ల తరబడి నానితే ఫైబర్‌గ్లాస్ పైపొర పొక్కులు లేస్తుంది. పక్క బోటు వైరింగ్ బాగాలేక నీళ్లలోకి కరెంటు లీకైతే తుప్పు ముందు తమకే పట్టేలా మన బోటుకు తగిలించిన జింక్ కడ్డీలు త్వరగా కరిగిపోతాయి, ఆ తర్వాత ఇంజన్‌లోని అల్యూమినియాన్ని తినేయడం మొదలవుతుంది.

అన్నిటికన్నా నాకు భయం వానలంటే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ మధ్యాహ్నం ఉరుములు మామూలే. బ్యాటరీ డౌనై, బోటు అడుగున చేరిన నీళ్లు తోడేసే బిల్జ్ పంప్ ఆగితే, కట్టేసిన చోటే బోటు మునుగుతుంది. మనం ఆఫీసులో కూర్చుని వాన చూస్తూ టెన్షన్ పడాలి. ర్యాక్‌లో అడుగున డ్రెయిన్ ప్లగ్ తీసేసి ఉంచుతారు, పడిన నీళ్లు పడినట్టే పోతాయి. చాలా మెరీనాల్లో తిరిగొచ్చాక మంచినీళ్లతో ఇంజన్ ఫ్లష్ చేసి, బోటు కడిగి పైన పెడతారు. అడుగున పెయింటే వేయని బోటుకు అమ్మేటప్పుడు గిరాకీ కూడా ఎక్కువ.

స్లిప్ వాసి
తుఫాను సంగతేంటి? ర్యాక్ కూలితే పైనున్నవి కిందవాటి మీద పడి అన్నీ పోతాయి. స్లిప్‌లో ఉంటే ముందురోజే లోపలి కాలువలోకి తీసుకెళ్లి కట్టుకోవచ్చు.

గల్ఫ్ తీరం
మంచి ప్రశ్న. అందుకే కట్టిన సంవత్సరం అడగాలి. 1992 ఆండ్రూ తుఫాను తర్వాత ఫ్లోరిడా బిల్డింగ్ రూల్స్ అన్నీ తిరగరాశారు, రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ 2002లో అమల్లోకి వచ్చింది. దానికి ముందు కట్టిన పాత షెడ్డు అయితే నేనూ వద్దంటాను. ఇంకోటి, 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నీళ్లు మామూలు పోటు మీద ఆరడుగులకు పైగా లేచాయి. కింది అరలో బోటు పెడితే షెడ్డు ఎంత గట్టిదైనా లాభం లేదు. రెండో అర, ఆపైన అడగండి. కాలువలోకి తీసుకెళ్లడం ఇక్కడే ఉండి, సెలవు దొరికినవాళ్లకు కుదురుతుంది. ఆ వారం మీరు హైదరాబాద్‌లో ఉంటే?

శాన్ డియాగో నుంచి
పెయింట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా ఊళ్లో బోట్లు కట్టే రేవు షెల్టర్ ఐలాండ్ యాట్ బేసిన్ నీళ్లలో రాగి ఎక్కువైపోయిందని 2005లో నీటి నియంత్రణ బోర్డు అక్కడ చేరే రాగిని 76 శాతం తగ్గించాలని ఆదేశించింది. ఆ రాగి దాదాపు అంతా బోట్ల అడుగు పెయింట్ నుంచి వచ్చేదే. గుల్లలను చంపే రాగి నీళ్లలో ఉండే మిగతా ప్రాణులనూ వదలదు. పొడిగా ఉండే బోటుకు ఆ పెయింట్ అవసరమే లేదు. నా మట్టుకు ఇదొక్కటే చాలు.

స్లిప్ వాసి
ఆ మాట ఒప్పుకుంటాను. అయినా రాత్రి బోటులోనే పడుకునేవాళ్లకు, తెరచాప బోట్లకు, నలభై అడుగులు దాటినవాటికి స్లిప్పే.

గల్ఫ్ తీరం
వాటికి స్లిప్పే, అందులో వాదన లేదు. ఆయన అడిగింది 24 అడుగుల ఔట్‌బోర్డ్ గురించి.

టాంపా తెలుగోడు
చాలా థ్యాంక్స్ అండీ. మాది వారాంతాల్లో పిల్లలతో వెళ్లే బోటు, వేట లేదు. ర్యాక్ వైపే మొగ్గుతున్నాం. సంతకం పెట్టేముందు ఇంకేం అడగాలి?

గల్ఫ్ తీరం
టీ-టాప్ (బోటు పైనుండే కప్పు), యాంటెనాతో కలిపి మొత్తం ఎత్తు కొలిచి, ఆ అరలో పడుతుందో లేదో చూడండి. పెట్రోలు నిండా ఉన్నప్పటి బరువు చెప్పండి, ఖాళీ బరువు కాదు. ఫోర్క్‌లిఫ్ట్ పాడైతే రెండోది ఉందా? దించేటప్పుడు దెబ్బ తగిలితే ఎవరి ఇన్సూరెన్స్? అది కాగితం మీద రాయించుకోండి. షెడ్డులో స్ప్రింక్లర్లు ఉన్నాయో లేదో కూడా చూడండి, పెట్రోలు ట్యాంకులు ఒకదాని మీద ఒకటి ఉండే చోటు అది.